ఖరీదైన స్పీకర్ల జతను సెకండ్ హ్యాండ్‌లో అమ్మడం ఎలా: సమగ్ర మార్గదర్శి

లక్షలు పోసి కొన్న స్పీకర్లను అమ్మకానికి పెడితే గంటలోపు వచ్చే మొదటి మెసేజ్ ఏంటో ముందే చెప్పేయొచ్చు: "బ్రో, లాస్ట్ ఎంత?" అతను ఫొటోలు సరిగ్గా చూసి ఉండడు, మోడల్ పేరు కూడా చదివి ఉండడు. నిజంగా కొనే మనిషి వేరే రకంగా మొదలుపెడతాడు. సీరియల్ నంబర్లు జతవేనా, ఏ ఆంప్లిఫయర్‌తో వాడారు, ట్వీటర్ (స్పీకర్ లోపల సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) ఎప్పుడైనా మార్చారా, డబ్బాలు ఉన్నాయా అని అడుగుతాడు. మనం సిద్ధం కావాల్సింది ఈ రెండో మనిషి కోసం.

కొత్త వస్తువు కొంటే షాపువాడి పూచీ, కంపెనీ వారంటీ ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో అవి చాలావరకు ఉండవు కాబట్టి కొనేవాడు తన అనుమానానికి తనే ఒక రేటు కట్టి, మీరు చెప్పిన ధరలోంచి కోసేస్తాడు. అతను అడిగేలోపే ఆ అనుమానాలు తీర్చేస్తే కోత తగ్గుతుంది. బేరమాడే నేర్పు కంటే ఈ ముందస్తు పనే ఎక్కువ డబ్బు తెచ్చిపెడుతుంది.

ఉదాహరణకు ఒక జత పెట్టుకుందాం: బోవర్స్ అండ్ విల్కిన్స్ 804 డి3. నేల మీద నిలబెట్టే రకం, వజ్రపు ట్వీటర్, ఒక్కొక్కటి 33 కిలోలు. 2015లో వచ్చింది, 2021లో దాని స్థానంలోకి డి4 వచ్చింది. మీ దగ్గరున్నది కెఫ్ అయినా, ఫోకల్ అయినా, డైనాడియో అయినా పద్ధతి ఇదే.

1. ముందు అటక మీద వెతకండి

బిల్లు, వారంటీ కార్డు, మాన్యువల్, ముందు భాగాన్ని కప్పే గ్రిల్స్, అడుగున బిగించే స్పైకులు, బై-వైర్ టెర్మినల్స్ (వైర్లు బిగించడానికి వెనక ఉండే రెండు జతల బిగింపులు) మధ్య పెట్టే జంపర్లు, పోర్ట్‌లో (గాలి పోయే రంధ్రంలో) కూరే ఫోమ్ ప్లగ్గులు, అన్నిటికంటే ముఖ్యంగా ఒరిజినల్ డబ్బాలు, వాటి లోపలి థర్మాకోల్ దిమ్మలు. డబ్బా ఉందంటే ఊరు దాటించి పంపొచ్చు. లేదంటే మీ కొనుగోలుదారులు మీ ఊరికే పరిమితం. అపార్ట్‌మెంట్లలో చోటు చాలక చాలామంది మొదటి సంక్రాంతికే వాటిని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తారు. అలా పోయి ఉంటే, మీరు కొన్న డీలర్‌నే ఒకసారి అడగండి. డెమో పీసుల ఖాళీ డబ్బాలు వాళ్ల గోడౌన్‌లో పడి ఉండొచ్చు.

బిల్లు ఇక్కడి అధీకృత డీలర్‌దా, లేక అమెరికా నుంచో దుబాయ్ నుంచో తెచ్చుకున్నవా అన్నది దాచకండి. మన ఇళ్లలో అక్క కొడుకో బావమరిదో తిరిగొస్తూ సామాన్లతో పాటు తెచ్చిన స్పీకర్లు తక్కువేమీ కాదు. మామూలు పాసివ్ స్పీకర్లకు కరెంటు ప్లగ్గే ఉండదు కాబట్టి 110 వోల్టుల గొడవ లేదు. లోపలే ఆంప్లిఫయర్ ఉండే యాక్టివ్ స్పీకర్లయితే మాత్రం వెనక లేబుల్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసి, ప్రకటనలోనే చెప్పాలి. వారంటీ ఇంకా మిగిలి ఉంటే కార్డు మీది షరతులు చదవండి. కొన్ని కంపెనీలది మొదట కొన్నవారికే వర్తిస్తుంది, కొన్నిటిది కొన్న దేశంలోనే చెల్లుతుంది.

రెండు స్పీకర్ల సీరియల్ నంబర్లు పక్కపక్కన రాసుకోండి. వరుస నంబర్లయినా, ఒకే నంబరుకు ఎ, బి అని ఉన్నా ఫ్యాక్టరీ నుంచి జతగా వచ్చాయని అర్థం. నంబర్లకు పొంతన లేకపోతే అడిగేవాళ్లు అడుగుతారు, అసలు కారణం చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

2. మీరే కొనబోతున్నట్టు పరీక్షించండి

ఈ పనికి ఒక పూట కేటాయించండి. లోపం ముందు మీకు తెలిస్తే దానికి తగ్గట్టు ధర పెట్టుకోవచ్చు. అదే కొనేవాడు మీ హాల్లో కూర్చుని కనిపెడితే, మీరు చెప్పిన మిగతా మాటలు కూడా నమ్మడు.

గ్రిల్స్ తీసి పగటి వెలుతురులో చూడండి. కోన్ (కదులుతూ శబ్దం పుట్టించే గరాటు ఆకారపు పొర) చుట్టూ ఉండే మెత్తటి అంచును సరౌండ్ అంటారు. రబ్బరుదైతే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఫోమ్‌దైతే పదిహేను ఇరవై ఏళ్లకు పొడిపొడిగా రాలడం మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఇంకా ముందే. 80ల నాటి జేబీఎల్ స్పీకర్లలో చాలావాటికి ఉన్నది ఫోమే. దాన్ని వేలితో నొక్కి చూడకండి, పాతదైతే అక్కడికక్కడే చిరుగుతుంది. టార్చి వేస్తే పగుళ్లు కనిపిస్తాయి. ఫోమ్ మార్పించుకోవచ్చు, హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ వైపు వెళ్తే ఆ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. కానీ హై-ఎండ్ స్పీకర్‌కు అమ్మే ముందు ఏదో ఒక ఫోమ్ అతికించడం కంటే, ఉన్నదున్నట్టు చెప్పి ధర తగ్గించడమే నయం అంటాను. కొనేవాడికి తన మెకానిక్ మీద నమ్మకం ఉంటుంది, మీరు హడావుడిగా చేయించిన రిపేరు మీద ఉండదు.

తర్వాత ట్వీటర్. చిన్నపిల్లలున్న ఇంట్లో దాని మీద వేలి సొట్ట లేకపోతే అదృష్టమే. గుడ్డతో చేసిన డోమ్‌కు (ట్వీటర్ మధ్యలోని గుండ్రటి ఉబ్బుకు) చిన్న సొట్ట పడితే వినికిడిలో పెద్ద తేడా తెలియకపోవచ్చు, ధరలో మాత్రం తెలుస్తుంది. లోహపు డోమ్‌ను, వజ్రపు డోమ్‌ను అసలు ముట్టుకోకండి. ఫోకల్ పై శ్రేణి మోడళ్లలో వాడే బెరీలియం డోమ్ అయితే మరీ జాగ్రత్త. అది పగిలి పొడి లోపలికి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెట్టి సొట్ట లాగే వీడియోలు చూసి ఉత్సాహపడకండి.

క్యాబినెట్ కూడా అంతే శ్రద్ధగా చూడాలి. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే, కిటికీ వైపు ఉన్నదాని వెనీర్ (పైన అతికించిన పలుచటి చెక్క పొర) ఎండకు వెలిసిపోయిందేమో తెలుస్తుంది. ఇద్దరేసి మనుషులు పట్టి దుప్పటి మీద పడుకోబెట్టి అడుగు భాగం చూడండి. తడి గుడ్డతో ఇల్లు తుడిచే మన అలవాటుకు అడుగు అంచులు ఉబ్బుతాయి, చెదలు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి. పోర్ట్ రంధ్రంలోకి టార్చి వేస్తే సాలీడు గూళ్ల నుంచి పిల్లలు వేసిన బొమ్మ కారు దాకా ఏదైనా కనిపించొచ్చు.

ఇక కరెంటు పరీక్ష. ఆంప్లిఫయర్ వైర్లు పూర్తిగా తీసేశాక, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి టెర్మినల్స్ మీద ఆనించండి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటరు మీద సుమారు 5.5 నుంచి 7 దాకా, 4 ఓమ్‌లది 3 చుట్టుపక్కల చూపించడం మామూలే. ముఖ్యం ఏమిటంటే రెండు స్పీకర్ల అంకెలూ దాదాపు ఒకటిగా ఉండాలి. బై-వైర్ స్పీకర్‌కు జంపర్ తీసి పై టెర్మినల్స్ మీద పెడితే మీటరు ఏమీ చూపించకపోవచ్చు. ట్వీటర్ కాలిపోయిందని కంగారు పడకండి. దారిలో ఉన్న కెపాసిటర్ డీసీని పోనివ్వదు, అంతే. కాబట్టి ట్వీటర్‌ను మీటరుతో కాదు, చెవితోనే పరీక్షించాలి. ఆంప్లిఫయర్ ఆపేసి, వైరు పై టెర్మినల్స్‌కు మాత్రమే కలిపి, తక్కువ వాల్యూమ్‌లో పాట పెట్టి చెవి దగ్గరగా పెట్టండి. రెండు పక్కలా ఒకేలా వినిపించాలి.

వూఫర్ (లోతైన శబ్దాలు పలికే పెద్ద భాగం) కోన్‌ను రెండు చేతుల వేళ్లతో, మధ్యలోని గుబ్బను వదిలేసి, ఇరువైపులా సమానంగా ఆనించి రవ్వంత లోపలికి నెట్టి వదలండి. మెత్తగా వెళ్లి మెత్తగా రావాలి. గరగర వినిపిస్తే లోపల వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) రాసుకుంటోంది. ఒక పక్కనే నొక్కితే మంచి స్పీకర్ కూడా గరగరమంటుంది కాబట్టి, రెండు చేతులూ సమానంగా పడ్డాయని రూఢి చేసుకున్నాకే నిర్ణయానికి రండి.

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ (కోరిన ఫ్రీక్వెన్సీలో ఒకే మోత మోగించేది) వేసుకుని, దాన్ని సిస్టమ్‌కు కలిపి, వాల్యూమ్ బాగా తగ్గించి, 30 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి వెళ్లండి. పై ఫ్రీక్వెన్సీల్లో ఆలస్యం చేయకండి, ఆగకుండా మోగే టోన్‌కు ట్వీటర్ తొందరగా వేడెక్కుతుంది. 40 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఎక్కడో జుయ్‌మని మోత వస్తే ముందు స్పీకర్‌ను అనుమానించకండి. షోకేసులో గాజు బొమ్మలు, కిటికీ రెక్క, ఏసీ మూత ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని చూడండి. అవేవీ కావని తేలితే అప్పుడు గ్రిల్, డ్రైవర్ (ట్వీటర్, వూఫర్ లాంటి శబ్దం పలికే భాగం) స్క్రూలు చూడండి.

చివరగా, ఒక్క గొంతే ప్రధానంగా ఉన్న పాటను మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా) పెట్టి సరిగ్గా మధ్యలో కూర్చోండి. గొంతు నడుమ నుంచి రావాలి. పక్కకు జరిగితే రెండు స్పీకర్ల స్థానాలు మార్చి మళ్లీ వినండి. గొంతు కూడా రెండో పక్కకు మారిందంటే తేడా స్పీకర్‌లోనే ఉంది. ఎక్కడిదక్కడే ఉందంటే గదిలోనో ఆంప్లిఫయర్‌లోనో ఉంది. ఈ ఒక్క పరీక్ష చేసి చూసిన అమ్మకందారు చాలా అరుదు. కొనేవాడికి చెబితే మీ మీద గౌరవం ఏర్పడుతుంది.

3. తుడవండి, మెరుగులు దిద్దకండి

కోన్ల మీది దుమ్ముకు మెత్తటి పెయింట్ బ్రష్, క్యాబినెట్‌కు కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ, టెర్మినల్స్‌కు దూదితో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. అద్దాలు తుడిచే స్ప్రే నేరుగా కొట్టకండి. వెనీర్‌కు కొబ్బరినూనె రాయమని సలహా ఇచ్చే పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వినయంగా తల ఊపి ఊరుకోండి.

4. ధర

పెట్టిన డబ్బుతో మొదలుపెట్టకండి. ఈరోజు అదే స్పీకర్, లేదా దాని స్థానంలో వచ్చిన మోడల్, షాపులో బేరమాడాక ఎంతకు దొరుకుతుందో కనుక్కోండి. ఎంఆర్‌పీ కాదు. ఈ స్థాయి స్పీకర్లకు ఎంఆర్‌పీ పెట్టి కొనేవాళ్లు అరుదు, కొనేవాడికీ ఆ సంగతి తెలుసు. అసలు ధర కోసం మామూలు గ్రాహకుడిలా ఇద్దరు డీలర్లకు ఫోన్ చేస్తే తెలిసిపోతుంది.

నా లెక్క ఇలా ఉంటుంది. ఇప్పటికీ షాపులో ఉన్న మోడల్, బిల్లు, డబ్బా అన్నీ ఉంటే ఆ అసలు ధరలో 60 శాతం దగ్గర మొదలుపెడతాను. కొత్త వెర్షన్ వచ్చేసిన మోడల్‌కు 40 నుంచి 50. డబ్బా లేకపోతే, బిల్లు లేకపోతే ఒక్కోదానికి ఇంకొంచెం కిందికి. ఇది అనుభవంతో వేసుకునే అంచనా మాత్రమే, బ్రాండును బట్టి మారుతుంది. లెక్క కోసం, కొత్తది చేతికి 6 లక్షలకు వచ్చే స్పీకర్ పాత వెర్షన్ మీ దగ్గర ఉందనుకుంటే, 2,40,000 నుంచి 3 లక్షల మధ్య ఎక్కడో తెగుతుంది. 2012లో వచ్చిన కెఫ్ ఎల్ఎస్50కి 2020లో మెటా వెర్షన్ వచ్చింది. అలాంటి ప్రకటన వెలువడిన రోజు నుంచే పాతదాన్ని అడిగే ధర తగ్గుతుంది. కాబట్టి కొత్త వెర్షన్ వస్తుందన్న వార్త బలంగా వినిపిస్తే అమ్మకాన్ని వాయిదా వేయకండి.

హైఫైషార్క్ అనే సైట్ ప్రపంచంలోని సెకండ్ హ్యాండ్ ప్రకటనలను ఒకచోట చూపిస్తుంది. కొనేవాడు అది చూసే వస్తాడు. "అమెరికాలో ఇంతకే పోతోంది కదా సార్" అంటాడు. అక్కడి నుంచి ఇక్కడికి తేవడానికయ్యే రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపి మీరే లెక్క వేసి పెట్టుకోండి. గొంతు పెంచాల్సిన అవసరం లేకుండా ఆ కాగితం చూపించొచ్చు.

దసరా, దీపావళి రోజుల్లో జేబులో బోనస్ ఉంటుంది కదా, అప్పుడైతే బాగా పోతుందని చాలామంది ఆగుతారు. నాకు అది సరైన లెక్క అనిపించదు. అదే సమయంలో షాపులు కొత్తవాటి మీద తగ్గింపులు ఇస్తాయి, పైగా ఈఎంఐ కూడా. పండగ హడావుడి ముగిశాక వచ్చే కొనుగోలుదారు నిదానంగా వింటాడు, నిజంగా కొంటాడు.

5. ఎక్కడ పెట్టాలి

మూడు దారులున్నాయి. డీలర్‌కు ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేస్తే తలనొప్పి లేదు, ధర తక్కువ. పై స్థాయి స్పీకర్లకు మారుతున్నారనుకుంటే మాత్రం ముందు ఇదే అడిగి చూడండి. కొత్తదాని మీద ఇచ్చే తగ్గింపుతో కలిపి చూస్తే ఒక్కోసారి గిట్టుబాటవుతుంది. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లాంటి చోట జనం ఎక్కువ, స్పీకర్ విలువ తెలిసినవాళ్లు తక్కువ. హైఫైవిజన్ లాంటి ఆడియో ప్రియుల వేదికలు, నగరాల వారీ వాట్సాప్ గ్రూపుల్లో జనం తక్కువ, కానీ 804 డి3 అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఖరీదు పెరిగేకొద్దీ మూడోదానికే నా ఓటు. అక్కడ కొత్తగా చేరి ఆరోజే అమ్మకానికి పెడితే ఎవరూ నమ్మరు, కాబట్టి కొంచెం ముందే చేరి నలుగురితో మాట కలపండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇండియాకు వచ్చేస్తూ అమ్మేవాళ్లకు ఆడియోగాన్, యూఎస్ ఆడియో మార్ట్ అనే సైట్లు ఉన్నాయి. బయలుదేరే తేదీని ప్రకటనలో రాయకండి. మీ తొందరే వాళ్లకు బేరం అవుతుంది.

6. ఫొటోలు, ప్రకటన

పగటిపూట, ఫ్లాష్ లేకుండా, గ్రిల్స్ తీసి ఫొటోలు తీయండి. రెండూ ఒకే ఫ్రేములో, తర్వాత ప్రతి డ్రైవర్ దగ్గరగా, పక్కలు, పైభాగం, వెనక టెర్మినల్స్, సీరియల్ లేబుల్ (చివరి రెండు అంకెలు కప్పేయండి), డబ్బాలు. గీత ఉన్నచోట పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీస్తే ఎంతుందో చెప్పనక్కర్లేదు. ఒక కాగితం మీద మీ పేరు, ఆరోజు తేదీ రాసి స్పీకర్ మీద పెట్టి ఒకటి తీయండి. మీ ఫొటోలు ఎత్తుకెళ్లి ఇంకెవరో దొంగ ప్రకటన పెట్టడం కష్టమవుతుంది, వస్తువు నిజంగా మీ దగ్గరే ఉందని కొనేవాడికీ తెలుస్తుంది.

ప్రకటనలో పొగడ్తలు వద్దు, సంగతులు రాయండి. నేనైతే ఇలా రాస్తాను:

"బోవర్స్ అండ్ విల్కిన్స్ 804 డి3, మెరిసే నలుపు (గ్లాస్ బ్లాక్), జత. 2018లో హైదరాబాద్‌లో అధీకృత డీలర్ దగ్గర కొన్నాను, బిల్లు నా పేరు మీదే ఉంది. స్టీరియోలో పాటలకే వాడాను. డ్రైవర్లన్నీ ఒరిజినల్, ఏదీ విప్పలేదు. సీరియల్ నంబర్లు జతవే. ఇంట్లో పొగతాగేవాళ్లు, పెంపుడు జంతువులు లేరు. లోపాలు: కుడి స్పీకర్ వెనక అంచున గోరంత గీత, ఏడో ఫొటోలో కనిపిస్తుంది. ఒక స్పైక్‌కు తుప్పు. రెండు డబ్బాలూ ఉన్నాయి. వచ్చి వినొచ్చు, మీ ఆంప్లిఫయర్ తెచ్చుకున్నా సరే. ఎక్స్‌చేంజ్ లేదు."

దాని కింద ధర, ఒకే అంకె. "నెగోషియబుల్" అని మీరే రాస్తే బేరం మీరే మొదలుపెట్టినట్టు. లోపాలను చివర్లో చిన్న అక్షరాల్లో కాకుండా మధ్యలో పెట్టాను, చూశారా? అవి చదివాకే మిగతాది నమ్ముతారు.

7. ఫోన్లు, మెసేజ్‌లు, మోసాలు

"లాస్ట్ ఎంత" అనే మెసేజ్‌కు నా జవాబు ఒకటే: "వచ్చి వినండి అన్నా, నచ్చితే కూర్చుని మాట్లాడుకుందాం." వినకముందే ధర దించితే, విన్నాక మళ్లీ దించమంటారు. గేమింగ్ ల్యాప్‌టాప్, పాత బుల్లెట్ బండి ఎక్స్‌చేంజ్ అడిగేవాళ్లూ వస్తారు. నవ్వుకుని వదిలేయండి.

ఇక మోసగాళ్లు. ఈ పాత కథ ఇప్పటికీ నడుస్తోంది: ఆర్మీలోనో సీఐఎస్ఎఫ్‌లోనో పనిచేస్తున్నానంటాడు, బదిలీ మీద వచ్చానంటాడు, వస్తువు చూడకుండానే మీరు చెప్పిన ధరకు ఒప్పుకుంటాడు. ఐడీ కార్డు ఫొటో పంపిస్తాడు. తర్వాత "డబ్బు పంపడానికి" ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటాడు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి స్కాన్ చేయాల్సిన పనీ, యూపీఐ పిన్ కొట్టాల్సిన పనీ ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే. ఒకవేళ ఇంట్లో ఎవరైనా కొట్టేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చూడకుండా, వినకుండా, బేరం లేకుండా ఇన్ని లక్షల స్పీకర్లు కొంటానంటే అక్కడే ఆగి ఆలోచించాలి.

8. ఇంటికి వచ్చి వినడం

అమ్మకం తేలేది ఇక్కడే. ఫోన్‌లో ఒకసారి మాట్లాడి, మనిషి ఎవరో ఒక అవగాహన వచ్చాకే లొకేషన్ పంపండి. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు రమ్మనండి.

ఆయన వచ్చే గంట ముందే సిస్టమ్ ఆన్ చేసి ఉంచండి. ఫ్యాన్ శబ్దం ఎక్కువైతే ఏసీ వేయండి. టోన్ కంట్రోళ్లు, ఈక్వలైజర్ అన్నీ సున్నాలో పెట్టండి. బేస్ పెంచి మెప్పించాలని చూస్తే తెలిసినవాడు పట్టేస్తాడు. స్పీకర్లు గోడకు ఆనుకుని ఉంటే కాస్త ముందుకు జరపండి. తన పాటలే వినాలని చాలామంది పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో తెచ్చుకుంటారు. అవి పెట్టే ముందు మృదంగం, వీణ ఉన్న ఒక కచేరీ రికార్డింగ్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి ఊరుకోండి. మంచి స్పీకర్ తక్కువ వాల్యూమ్‌లోనే తన పనితనం చూపిస్తుంది.

మీరు మాట్లాడకండి. ఈ మాట రాయడం తేలిక, పాటించడం కష్టం. మనకు ఇష్టమైన చోట వాయిద్యం ఎలా వినిపిస్తోందో చెప్పాలని నోరు దురద పెడుతుంది. ఆయన్ను సోఫా మధ్యలో కూర్చోబెట్టి, మంచినీళ్లో టీనో ఇచ్చి, పక్కగదిలోకి వెళ్లిపోవడం ఉత్తమం. వాల్యూమ్ నాబ్ మీద మాత్రం ఒక కన్ను వేసి ఉంచండి. చిన్న ఆంప్లిఫయర్‌ను గొంతు చించుకునేదాకా పెంచితే క్లిపింగ్ (శక్తికి మించి శబ్దం వికృతం కావడం) మొదలై ట్వీటర్ కాలుతుంది, అప్పుడు నష్టం మీదే. "ఇంతకంటే పెంచొద్దండి" అని నవ్వుతూనే చెప్పండి.

విన్నాక లోపాలు మీరే చూపించండి. ప్రకటనలో రాసిన గీత, తుప్పు స్పైక్, మల్టీమీటర్ అంకెలు. కావాలంటే మళ్లీ కొలిచి చూపించండి. ఆ తర్వాత జరిగే బేరం చిన్నదిగా ఉంటుంది. "సార్, మూడు అన్నారు, రెండు డెబ్బై చేసుకుందామా?" అంటే, మీ మనసులో ముందే అనుకున్న అంకె దగ్గర ఆగి, రవాణానో స్పీకర్ వైర్లనో కలిపి ఇచ్చి తెగ్గొట్టండి.

"రెండు రోజులు మా ఇంట్లో పెట్టి విని చెబుతా" అన్నవాళ్లకు మాత్రం ఒకే షరతు: పూర్తి డబ్బు ఇచ్చి తీసుకెళ్లండి, ఎప్పటిలోపు తిరిగి తేవచ్చో కాగితం మీద రాసుకుందాం. అందుకు ఒప్పుకోకపోతే వద్దు.

9. డబ్బు చేతికి రావడం

ఆరోజే తీసుకెళ్లకపోతే టోకెన్ అడ్వాన్స్ తీసుకోండి. ఎన్నాళ్లు ఆగుతారో, ఆయన మనసు మార్చుకుంటే అడ్వాన్స్ తిరిగిస్తారో లేదో వాట్సాప్‌లో రాసి, "సరే" అనిపించుకోండి. అమావాస్య వెళ్లాక వస్తాననేవాళ్లు, మంగళవారం డబ్బు ఇవ్వననేవాళ్లు ఉంటారు. శుక్రవారం ఇంట్లోంచి వస్తువు పంపనని మీ ఇంట్లోనే ఎవరో అనొచ్చు. రోజు ముందే మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు.

ఒకే లావాదేవీకి 2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవారికే జరిమానా, అదీ తీసుకున్నంత మొత్తం. రెండుగా విడగొట్టి రెండు రోజుల్లో ఇస్తానన్నా లావాదేవీ ఒకటే కాబట్టి వద్దు. మామూలుగా ఒకరి నుంచి ఒకరికి యూపీఐలో రోజుకు లక్ష దాకానే వెళ్తుంది. 2 లక్షల నుంచి ఆర్‌టీజీఎస్, 5 లక్షల దాకా ఐఎంపీఎస్ ఉన్నాయి. కొత్త ఖాతాను జోడించుకున్న మొదటి రోజు చాలా బ్యాంకులు పంపే మొత్తానికి పరిమితి పెడతాయి. ముందురోజే మీ ఖాతా జోడించుకుని ఒక రూపాయి పంపి చూడమనండి. లేకపోతే స్పీకర్లు ట్రాలీ ఆటోలో ఎక్కించాక ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఫోన్లు చూసుకోవాల్సి వస్తుంది.

డబ్బు కొనేవాడి సొంత ఖాతా నుంచే రావాలి. "మా ఫ్రెండ్ పంపిస్తాడు" అంటే ఒప్పుకోకండి. ఆ డబ్బు ఎక్కడో మోసంలో కొట్టేసిందైతే, పోలీసులు దాని జాడ పట్టుకుని వచ్చి మీ ఖాతాను స్తంభింపజేయొచ్చు. స్క్రీన్‌షాట్‌ను, వచ్చిన ఎస్‌ఎంఎస్‌ను నమ్మకండి, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూశాకే వస్తువు కదలాలి. ఇంట్లో వాడుకున్న ఇలాంటి వస్తువు అమ్మితే దాని మీద క్యాపిటల్ గెయిన్స్ లెక్క ఉండదు, ఆ భయం అక్కర్లేదు.

ఒక తెల్లకాగితం మీద ఇద్దరి పేర్లు, తేదీ, మోడల్, సీరియల్ నంబర్లు, ధర, "పరీక్షించి, విని, ఉన్నదున్నట్టుగా తీసుకున్నాను" అన్న ఒక్క వాక్యం, ఇద్దరి సంతకాలు. రెండు ప్రతులు. ఒరిజినల్ బిల్లు ఆయనకిచ్చి ఫొటో మీ దగ్గర పెట్టుకోండి. ఆధార్ జిరాక్సులు ఇచ్చిపుచ్చుకోవాల్సిన పనిలేదు.

10. ప్యాకింగ్, రవాణా

ఊళ్లోనే అయితే, కొన్నాయన మనుషులే వచ్చి తీసుకెళ్లడం అన్నిటికంటే సుఖం. ట్రాలీ ఆటోలో అడుగున పరుపు వేసి, స్పీకర్లను నిలబెట్టి తాళ్లతో కట్టాలి. స్పైకులు ముందే విప్పేయండి, మోసేవాళ్ల కాళ్ల మీద పడితే మామూలు దెబ్బ కాదు. ఎత్తేటప్పుడు ఎవరూ డ్రైవర్ల వైపు చెయ్యి పెట్టకుండా పక్కనే నిలబడి చూసుకోండి. ఫొటోలో అందంగా కనిపించే ముందు భాగమే పట్టుకోవడానికి అనువుగా ఉంటుంది, అదే చిక్కు.

ఊరు దాటితే డబ్బా తప్పనిసరి. పియానో ఫినిష్ (అద్దంలా మెరిసే పూత) మీద బబుల్ ర్యాప్ నేరుగా చుట్టకండి, ఎండలో ఎక్కువసేపు ఉంటే బుడగల అచ్చులు పడతాయి. ముందు మెత్తటి గుడ్డ లేదా పలుచటి ఫోమ్ షీట్, ఆ పైన బబుల్ ర్యాప్. డ్రైవర్ల ముందు గట్టి అట్ట అడ్డం పెట్టండి, గ్రిల్ వాటిని కాపాడదు. థర్మాకోల్ దిమ్మల్లో కూర్చోబెట్టి, ఒరిజినల్ డబ్బా చుట్టూ ఇంకో డబ్బా వేయించండి. 33 కిలోల స్పీకర్‌కు చెక్క పట్టీలతో బిగించిన పెట్టె చేయిస్తే ఖర్చయినా నిద్ర పడుతుంది. ప్యాకింగ్ ప్రతి దశనూ వీడియో తీసి ఉంచండి.

బుక్ చేసేటప్పుడు వస్తువు విలువ నిజంగా రాసి ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోండి. విలువ తక్కువ రాయించి నాలుగు డబ్బులు మిగుల్చుకుంటే, దెబ్బ తగిలినప్పుడు వచ్చేది కూడా ఆ తక్కువే. ఇంట్లో వాడిన వస్తువు అని మీరు సంతకం చేసిన కాగితం ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు అడగొచ్చు, ముందే రాసి పెట్టుకోండి. దారిలో ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిదో బుకింగ్‌కు ముందే కొనేవాడితో తేల్చుకోవాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ లాంటి దూరమైతే నేను పార్సిల్‌లో పంపను. టాటా ఏస్ మాట్లాడుకుని ఎవరో ఒకరు వెంట వెళ్తే సాయంత్రానికి పని అయిపోతుంది.

11. అమ్మాక వచ్చే ఫోన్

మొదటి వారంలో ఒక ఫోన్ వస్తుంది: "సార్, మీ ఇంట్లో విన్నంత బేస్ రావట్లేదు." కంగారు పడకండి, గట్టిగా మాట్లాడకండి. ఎక్కువసార్లు ఒక స్పీకర్ వైరు ప్లస్, మైనస్ తారుమారై ఉంటుంది. అప్పుడు రెండు కోన్లూ ఒకదానికొకటి ఎదురుగా కదిలి బేస్ రద్దవుతుంది. వైర్లు చూడమనండి, తర్వాత స్పీకర్లు గోడకు ఎంత దూరంలో ఉన్నాయో, పోర్ట్‌లో ఫోమ్ ప్లగ్గులు అలాగే ఉండిపోయాయేమో అడగండి. వీడియో కాల్‌లో ఓ పది నిమిషాలు కేటాయిస్తే చాలావరకు తెగిపోతుంది.

ప్రకటనలు అన్నిచోట్లా తీసేయండి. వెయిటింగ్‌లో పెట్టిన వాళ్లకు అమ్మేశామని ఒక మెసేజ్ పెట్టండి. మొదటి బేరం ఏ కారణంగానైనా చెడితే వాళ్లలో ఒకరికే ఫోన్ చేయాల్సి ఉంటుంది. సంతకాల కాగితం, ప్యాకింగ్ వీడియోలు, వాట్సాప్ సంభాషణ కనీసం ఒక ఏడాది పాటు తుడిచేయకండి.